పెంచని అద్దె ఎవరి ఖాతాలో రాయాలి?

(సొంతింట్లో ఒకటి రెండు పోర్షన్లు అద్దెకిచ్చుకునేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా ఎక్కించినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

కాగితం లేకుండా ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళకి అద్దె ఎలా పెంచాలి అన్నది నాకిచ్చిన అంశం. నేను లాయర్ని కాను. పద్దులు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఉన్న ఇంట్లో రెండు పోర్షన్లు అద్దెకిచ్చాను. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హతల్లా ఒకసారి బాగా చెడగొట్టుకోవడం, ఇంకోసారి కాస్త జాగ్రత్తగా చేసుకోవడం. చెడగొట్టుకున్నది ముందు చెబుతాను.

కింది పోర్షన్‌లో ఒక మాస్టారు కుటుంబం ఉండేది. వచ్చినప్పుడు ఒక అంకె నోటిమాటగా అనుకున్నాం. కాగితం రాసుకుందామని ఇద్దరం అనుకున్నాం, ఇద్దరం మర్చిపోయాం. ప్రతి నెలా మొదటివారంలో అద్దె వచ్చేసేది. కొళాయి కారితే వాషర్ ఆయనే మార్చుకునేవారు, మోటారు ఆన్ చేసి నేను మర్చిపోతే వాళ్ళావిడ కట్టేసేది. ఏడేళ్ళు అలా గడిచిపోయాయి. ఒక్క పైసా పెంచలేదు. పెంచాలని అనిపించలేదా అంటే ఏటా అనిపించింది. అడగాలంటే మొహమాటం. ఈ ఏడు కాదులే, పిల్లాడి పరీక్షలు కదా అనుకునేదాన్ని. మరుసటేడు ఇంకో సాకు దొరికేది.

ఒకరోజు పక్కింటావిడ తన కింది వాటాకి ఎంత వస్తోందో చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా మాస్టారు ఇచ్చేది 100 అనుకోండి, అసలు అంకెతో పనిలేదు, ఆవిడకి 150 వస్తోంది. నెలకి 50, పన్నెండు నెలలు, ఏడేళ్ళు అని మంచంమీద పడుకునే గుణించాను. తెల్లారేసరికి నా లెక్కలో మాస్టారు నాకు పెద్ద బాకీదారు అయిపోయారు. సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టారూ, వచ్చే నెల నుంచి 140 చేద్దామనుకుంటున్నాను" అన్నాను. చెప్పులు విడుస్తున్న మనిషి అలాగే ఆగారు. "సరేనమ్మా" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. పది రోజుల తర్వాత వచ్చి ఇల్లు దొరికిందని చెప్పారు.

ఇక లెక్క వినండి. ఇల్లు మూడు నెలలు ఖాళీగా ఉంది, 300 పోయింది. రంగులు, బాత్రూమ్ తలుపు, స్విచ్ బోర్డులు కలిపి 200. బ్రోకర్‌కి ఒక నెల అద్దె, 150. మొత్తం 650. కొత్తవాళ్ళు 150కి వచ్చారు, అంటే నాకు నెలకి అదనంగా 50. వాళ్ళు పదకొండు నెలలుండి వెళ్ళిపోయారు. 550 వచ్చింది. 650 పోగొట్టుకుని 550 సంపాదించాను! వాళ్ళు వెళ్ళాక ఇల్లు మళ్ళీ నెలన్నర ఖాళీ. ఆ వాషర్లు మార్చే మనిషి విలువ నేనెక్కడా రాయలేదు, రాయడం నాకు చేతకాలేదు కూడా.

(సభలో నవ్వులు)

నవ్వండి, ఫర్వాలేదు. కానీ చాలాకాలం తర్వాత నాకు ఇంకో సంగతి తట్టింది. ఏటా 5 శాతం పెంచుకుంటూ పోయుంటే ఏడో ఏడు తర్వాత 100 ఎంతవుతుంది? 140 చిల్లర. సరిగ్గా నేనడిగిన అంకె. అంటే నేను అడిగినది అధర్మమైన అంకేమీ కాదు. మాస్టారు ఏటా 5 చొప్పున పెంచితే ఇచ్చేవారే, నాకా నమ్మకముంది. ఏడు మెట్లుగా ఎక్కాల్సినదాన్ని ఒక్క గెంతులో ఎక్కమన్నాను, అదీ వచ్చే నెలకల్లా. ఆయన ఇంటి బడ్జెట్ 100 మీద కట్టుకున్నది. పిల్లల చదువులు, చీటీ వాయిదాలు, అన్నీ ఆ 100ని నమ్ముకుని వేసుకున్నారు. ఆ 100 కదలదని ఏడేళ్ళు నమ్మించింది ఎవరు? నేనే.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. మనం పెంచకుండా వదిలేసిన ఏళ్ళు అద్దెకున్నవాళ్ళ బాకీ కాదు. ఆ పద్దు మన ఖాతాలో రాసుకుని కొట్టేయాలి. మన మొహమాటానికి వాళ్ళ దగ్గర వడ్డీ వసూలు చేయకూడదు. రేపటి నుంచి అద్దె ఎంతుండాలన్నది వేరే ప్రశ్న, దానికి న్యాయమైన జవాబు ఉంది. ఈ రెండూ కలిపేసుకున్నప్పుడే మనలో కోపం వస్తుంది, కోపంలో వేసిన అంకె ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

ముందు కాగితం సంగతి తేల్చేద్దాం. ఇందాక టీ దగ్గర ఒకాయన అన్నారు, "అగ్రిమెంటే లేదు కదండీ, ఎప్పుడైనా ఎంతైనా పెంచొచ్చు" అని. కాగితం లేదంటే ఒప్పందం లేదని కాదు. నెలనెలా వాళ్ళు ఇస్తున్నారు, మీరు తీసుకుంటున్నారు, అదే ఒప్పందం. రాసుకున్న గడువు ముగిసిపోయి అలాగే ఉంటున్నా దాదాపు అంతే. చాలా దేశాల చట్టాలు దీన్ని నెలనెలా తనంతట తానే కొనసాగే అద్దెగా చూస్తాయి. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ఉంది. వేరే ఒప్పందం లేకపోతే నివాసానికిచ్చిన ఇల్లు నెలవారీ అద్దె కింద లెక్క, ఎవరు ముగించాలన్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలి అంటుంది. రాష్ట్రాల అద్దె నియంత్రణ చట్టాలు వర్తించేచోట ఆ కథ వేరు. పైగా ఆ 15 రోజులు ముగించడానికి పెట్టిన గడువు. అద్దె పెంచాలంటే రెండో మనిషి ఒప్పుకోవాలి.

ఇంకోచోటికి వెళితే రూలు ఇంకోలా ఉంటుంది. ఇంగ్లండులో 1988 హౌసింగ్ చట్టం ప్రకారం ఇలాంటి అద్దెలకి ఓ నిర్ణీత ఫారం మీద నోటీసు ఇవ్వాలి, ఏడాదికి ఒక్కసారే పెంచాలి, ఎక్కువనిపిస్తే అద్దెకున్న మనిషి ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. 2025లో చేసిన కొత్త చట్టం ఆ నోటీసు గడువుని రెండు నెలలు చేసింది. కెనడాలోని ఒంటారియోలో 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, పన్నెండు నెలలకి ఒక్కసారే.

నాకు బాగా నచ్చింది న్యూయార్క్ రాష్ట్రం 2019లో పెట్టిన రూలు. 5 శాతమో అంతకన్నా ఎక్కువో పెంచాలంటే నోటీసు ఎంత ముందు ఇవ్వాలన్నది ఆ మనిషి ఎంతకాలంగా ఉంటున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏడాది లోపు వాళ్ళకి 30 రోజులు, ఏడాది దాటితే 60, రెండేళ్ళు దాటితే 90. చూడండి ఎంత ఇంగితం ఉందో అందులో. ఎక్కువకాలం ఉన్నవాళ్ళకి ఎక్కువ వ్యవధి. ఎందుకంటే వాళ్ళ వేళ్ళు లోతుకి దిగుంటాయి: బడి, డాక్టరు, పనికెళ్ళే బస్సు, పక్కింటి స్నేహం. కదలాలంటే టైం పడుతుంది. మీ ఊళ్ళో చట్టం ఏ గడువూ పెట్టకపోయినా ఈ 90 రోజులు మీ అంతట మీరు పెట్టుకోండి. ఖర్చేమీ లేదు.

మీ ఊరి రూలేమిటో మాత్రం పెంచేముందు ఒకసారి కనుక్కోండి. నా మాట మీద ఉత్తరం రాసేయకండి.

ఇప్పుడు అసలు అంకె. ఎంత పెంచాలి?

చాలామంది గేటుకి వేలాడే టు-లెట్ బోర్డులు, ఫోన్‌లో కనిపించే ప్రకటనలు చూసి మార్కెట్ రేటు అనుకుంటారు. అది అడిగే అంకె. ఇచ్చే అంకె దానికి తక్కువే ఉండొచ్చు. పైగా ఆ బోర్డులున్నవి ఖాళీగా ఉన్న ఇళ్ళకి మాత్రమే. పదేళ్ళుగా మనుషులున్న ఇళ్ళ అద్దె ఏ బోర్డు మీదా ఉండదు. జర్మనీలో దీనికో పద్ధతి ఉంది. ఉంటున్నవాళ్ళకి అద్దె పెంచాలంటే ఇంటాయన కారణం చూపించాలి. ఊరి అద్దెల పట్టిక చూపించొచ్చు, లేదా తన ఇంటిలాంటివే మూడు ఇళ్ళు చూపించి, వాటికి ఇంత ఇస్తున్నారు అనొచ్చు. "ఇంటిలాంటివే" అన్నది ముఖ్యం. పక్కింటావిడ వాటాకి కొత్త టైల్స్ ఉన్నాయి, కారు పెట్టుకునే చోటుంది, మంచినీళ్ళు పైదాకా ఎక్కుతాయి. మా మాస్టారి వాటాలో బాత్రూమ్ ఇరవై ఏళ్ళ నాటిది. నేను ఆవిడ 150ని చూశానుగానీ ఆ టైల్స్‌ని చూడలేదు.

జర్మన్ పద్ధతిలో ఇంకో రెండు ఉన్నాయి. పెరిగిన అద్దె అమల్లోకి వచ్చేనాటికి పాత అద్దె కనీసం 15 నెలలు కదలకుండా ఉండాలి. మూడేళ్ళలో మొత్తం 20 శాతం మించకూడదు, ఇళ్ళకి కటకటగా ఉన్న ఊళ్ళని గుర్తించి అక్కడ 15 శాతం అన్నారు. మార్కెట్ ఎంత పైనున్నా సరే, మూడేళ్ళలో అంతే. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం 2019లో ఏడాదికి 7 శాతం, దానిపైన ధరల పెరుగుదల అని హద్దు పెట్టింది, ఆ తర్వాత 2023లో ఏం చేసినా 10 దాటకూడదంది. కాలిఫోర్నియాది 5 శాతం, దానికి ధరల పెరుగుదల కలిపి, అక్కడా 10కి హద్దు. ఈ అంకెలు మీరు కంఠస్తం పట్టనక్కర్లేదు. ఒకటి గమనించండి చాలు: ఎవరూ 40 అనలేదు.

"మరి అసలు పెంచకపోతేనే మంచితనం కదా" అని ఎవరికైనా అనిపించొచ్చు. నాకూ అనిపించేది. దానికి బొంబాయి చూడాలి. అక్కడ పాత ఇళ్ళ అద్దెలు 1940 సెప్టెంబరు 1 నాటి అంకెల దగ్గర చట్టమే కట్టేసింది. యుద్ధకాలంలో మొదలైన ఏర్పాటు, దశాబ్దాలు గడిచినా విప్పలేదు. ఆ అద్దెతో ఇంటాయన పైకప్పు బాగుచేయించడు, ఎందుకు చేయిస్తాడు? ఇళ్ళు కూలిపోయే స్థితికి వస్తుంటే మరమ్మతులకి 1969లో చట్టం చేసి ప్రభుత్వమే ఒక బోర్డు పెట్టాల్సి వచ్చింది. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళితే, ఇలా గడ్డకట్టించడం ఇప్పుడు సహేతుకం కాదని కోర్టు అంది. ఆ తర్వాత 1999లో మహారాష్ట్ర చేసిన చట్టంలో ఏటా 4 శాతం పెంచుకోవచ్చని రాశారు. అద్దె కదలకపోతే ఇల్లు పాడవుతుంది, పాడైన ఇంట్లో ఉండేది అద్దెకున్నవాళ్ళే. మా కింది బాత్రూమ్ ఇరవై ఏళ్ళ నాటిదిగా ఎందుకుండిపోయిందో ఇప్పుడర్థమైందా? పెంచలేదు కాబట్టి నేనూ దానికి చేయి పెట్టలేదు. మాస్టారూ అడగలేదు, అడిగితే అద్దె మాట ఎత్తుతానని ఆయన భయం. ఇద్దరం ఆ పగిలిన గచ్చుని ఏడేళ్ళు చూసుకుంటూ ఊరుకున్నాం.

సరే, పై పోర్షన్ సంగతికి వస్తాను. అక్కడ ఉన్నవాళ్ళు తొమ్మిదేళ్ళ నుంచి ఉన్నారు. వాళ్ళదీ నోటిమాటే, వాళ్ళదీ 100 దగ్గరే ఆగింది. కింద చేతులు కాల్చుకున్నాను కాబట్టి ఈసారి పుస్తకం తీసి కూర్చున్నాను.

నిజంగా మా ఇంటిలాంటివి మూడు చూశాను. అందులో ఉంటున్నవాళ్ళనే అడిగాను. 160 తేలింది. మరి పాతవాళ్ళని 160 దాకా లాగాలా? ఇక్కడే ఒక లెక్క వేశాను, ఇది కావాలంటే రాసుకోండి. కొత్తవాళ్ళు రెండేళ్ళకోసారి మారతారనుకుందాం. మారినప్పుడల్లా ఇల్లు నెలన్నర ఖాళీ, రంగులూ రిపేర్లూ ఒక నెల అద్దె, బ్రోకర్‌కి కనీసం అరనెల. మొత్తం మూడు నెలలు. ఇరవై నాలుగు నెలలకి మూడు నెలలు పోతే మిగిలేది ఇరవై ఒకటి. అంటే పుస్తకంలో 160 అని రాసుకున్నా చేతికొచ్చేది 140. కదలకుండా, టైముకి కట్టే మనిషి 140 ఇస్తే నేను నష్టపోయింది ఏమీ లేదు. పాతవాళ్ళకి ఎనిమిదోవంతు తగ్గించడాన్ని నేను దయ అనుకునేదాన్ని. పద్దు వేస్తే అది దయ కాదు, వాళ్ళు మిగిల్చిపెట్టిన డబ్బే. మీ ఊళ్ళో ఇల్లు ఖాళీ అయిన రోజే నిండిపోతుంటే ఈ తగ్గింపు చిన్నదవుతుంది. నిండటానికి ఆరునెలలు పట్టే చోటైతే ఇంకా పెద్దదవుతుంది. మీ అంకెలు మీరు వేసుకోండి.

చిన్న మొత్తానికి పంతం పట్టేవాళ్ళకి కూడా ఒక మాట. 100 మీద 5 పెంచడానికి గట్టిగా నిలబడ్డారు, ఆ మనిషి వెళ్ళిపోయాడు, ఇల్లు ఒక్క నెల ఖాళీ. ఆ నెల నష్టం పూడటానికి ఈ 5 ఇరవై నెలలు రావాలి.

ఇక 100 నుంచి 140కి ఎన్నాళ్ళలో చేరాలి? మూడేళ్ళకి 20 శాతం అన్న జర్మన్ హద్దుని కొద్దికొద్దిగా పంచుకుంటూ వెళితే దాదాపు ఆరేళ్ళు. నాకంత ఓపిక లేదు, నిజం చెప్పేస్తున్నాను. నాలుగేళ్ళు అనుకున్నాను. ఏటా 9 శాతం చొప్పున నాలుగుసార్లు పెంచితే 141 అవుతుంది. ఈలోపు మార్కెట్ కూడా పైకి పోతుంది కదా అంటారు. పోనివ్వండి. దాని వెంట పరుగెత్తడం మొదలుపెడితే మళ్ళీ నిద్ర ఉండదు.

అంకె పట్టుకుని పైకి వెళ్ళాను. అద్దె మాట ఎత్తలేదు. "అమ్మాయ్, ఇంట్లో బాగుచేయాల్సినవి ఏమేం ఉన్నాయి?" అని అడిగాను. ఆ అమ్మాయి ముందు ఏమీ లేవక్కయ్యా అంది. నేను వంటింట్లోకి వెళ్ళి సింకు కింద తలుపు తీశాను. పైపు జాయింటుకి గుడ్డపీలిక చుట్టుంది, కింద ఒక ప్లాస్టిక్ డబ్బా. డబ్బా సగం నిండుంది. ఎన్నాళ్ళ నుంచి అంటే రెండేళ్ళట. రోజూ పడుకోబోయేముందు పారబోస్తారట. ఆ డబ్బా చూశాక నాకు వెంటనే అద్దె గురించి మాట్లాడటానికి నోరు రాలేదు. ప్లంబర్‌ని పంపించాను. మెట్ల లైటు, వెనక కిటికీ రెక్క బాగుచేయించాను. నెల తర్వాత ఉత్తరం ఇచ్చాను. రిపేరు ముందు, అద్దె తర్వాత. అద్దె పెంచితేనే రిపేరు చేస్తాననడం బేరం అవుతుంది. వాళ్ళు రిపేరు అడిగిన మరుసటి వారం అద్దె పెంచితే అది కక్ష అవుతుంది. కాలిఫోర్నియాలో అయితే ఫిర్యాదు చేసిన 180 రోజుల్లోపు అద్దె పెంచడంలాంటివి చేస్తే కక్షసాధింపేమోనని చట్టమే అనుమానిస్తుంది.

ఉత్తరం చదువుతాను, పొట్టిదే.

"మీరు మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు. ఈ తొమ్మిదేళ్ళూ అద్దె 100 దగ్గరే ఉంది. దాన్ని ఎప్పటికప్పుడు కొంచెం పెంచుకోకపోవడం నా అలసత్వం. ఆ పాత ఏళ్ళ గురించి ఇప్పుడు అడగడం లేదు. ఇవాళ్టి నుంచి మూడు నెలల తర్వాత వచ్చే మొదటి తారీకు నుంచి అద్దె 109 చేద్దామనుకుంటున్నాను. ఆ తర్వాత మూడేళ్ళూ అదే నెలలో 9 శాతం చొప్పున పెరుగుతుంది. మధ్యలో పెంచను. అడ్వాన్సు పెంచను, నీళ్ళకీ బండి పెట్టుకోవడానికీ విడిగా అడగను. నాలుగేళ్ళ తర్వాత ధరలు పెరిగినమేరకే పెంచుతాను. ఇది మీకు కష్టమనిపిస్తే చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం."

అడ్వాన్సు, నీళ్ళ వాక్యం ఎందుకు రాశానో చెబుతాను. అద్దె 5 మాత్రమే పెంచామని చెప్పుకుంటూ మెయింటెనెన్స్ పేరుతో ఇంకో 10 లాగేవాళ్ళని చాలామందిని చూశాను. ఇక్కడా ఉండొచ్చు, చేతులెత్తమని అడగను.

వాళ్ళాయన రెండు రోజుల తర్వాత కిందికి వచ్చారు. ఉత్తరం మడతపెట్టి జేబులో పెట్టుకొచ్చారు. "109 తప్పని నేననను, కానీ ఈ ఏడాది పాప ఫీజు పెరిగింది, ఈ ఒక్కసారికి 106 చేయండి, వచ్చే ఏటి నుంచి మీరన్నట్టే" అన్నారు. నేను ఒప్పుకున్నాను. 106 నుంచి మొదలుపెట్టి మూడుసార్లు 9 శాతం పెరిగితే నాలుగో ఏటికి 137. నేననుకున్న 140కి 3 తక్కువ. ఆ 3 కోసం ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడనా? ఉత్తరం మీద 109 కొట్టేసి 106 రాశాం, ఇద్దరం సంతకాలు పెట్టాం, ఫొటో తీసి ఆయన ఫోన్‌కి పంపాను. తొమ్మిదేళ్ళుగా లేని కాగితం అలా పుట్టింది.

ధరలు పెరిగినమేరకు అన్నాను కదా, దాన్ని కొలవడం ఎలా అని అడుగుతారేమో. ప్రభుత్వాలు వినియోగదారుల ధరల సూచీ విడుదల చేస్తుంటాయి. పోయినేడు ఈ నెల సూచీ, ఈ ఏడు ఈ నెల సూచీ పక్కపక్కన పెట్టుకుని ఎంత శాతం తేడా ఉందో అంత. సూచీ 200 నుంచి 208 అయితే 4 శాతం. ఫ్రాన్సులో అద్దెల కోసమే వేరే సూచీ ఉంది, మూడు నెలలకోసారి ఇస్తారు. అందులోంచి పొగాకునీ, అద్దెల్నీ తీసేస్తారు. పొగాకు మాట అటుంచండి, అద్దెల్ని తీయడం తెలివైన పని. అద్దెలు పెరిగి సూచీ పెరిగి, సూచీ పెరిగిందని మళ్ళీ అద్దెలు పెంచితే కుక్క తన తోక వెంట తిరిగినట్టే కదా.

బ్యాంకు వాయిదా పెరిగింది కాబట్టి అద్దె పెంచుతున్నాం అనేవాళ్ళున్నారు. ఇంటిపన్ను పెరిగితే చెప్పండి, రశీదు చూపించండి, ఇంటి బీమా పెరిగితే చెప్పండి. మీ అప్పు మీరు ఇల్లు సొంతం చేసుకోవడానికి తీసుకున్నది. దాని వడ్డీ పెరగడం అద్దెకున్నవాళ్ళకి కారణంగా చెబితే, తగ్గినప్పుడు అద్దె తగ్గించారా అని వాళ్ళడుగుతారు. అడగాలి కూడా.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: వాళ్ళని ఖాళీ చేయించాలని ఉంటే? నేరుగా చెప్పలేక అద్దె పెంచేస్తుంటాం కదండీ.)

చేస్తుంటాం. అలా చేయకండి. ఇల్లు మీ అబ్బాయికి కావాలా, మా అబ్బాయికి కావాలి, ఇన్ని నెలల్లో చూసుకోండి అని చెప్పండి. అద్దె పెంచి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళేలా చేస్తే, కొన్నిసార్లు వాళ్ళు వెళ్ళరు. పళ్ళ బిగువున కడతారు. అప్పుడు మీకు ఇల్లూ రాదు, ముఖం చూసి మాట్లాడుకునే పరిస్థితీ ఉండదు.

(సభలో మరొకరు: పెంచుతామని చెప్పాక వాళ్ళు పాత అద్దే పంపిస్తే?)

తీసుకుని ఊరుకుంటే మీరే వెనక్కి తగ్గారని వాళ్ళు అనుకోవచ్చు, రేపు గొడవైతే మూడోవాళ్ళూ అలా అనుకోవచ్చు. తిప్పి పంపనక్కర్లేదు. అందింది ఇంత, కొత్త అద్దె విషయం ఇంకా తేలాల్సుంది అని అదే రోజు ఒక మెసేజ్ పెట్టండి. తర్వాత వెళ్ళి కూర్చోండి. ఎందుకు పంపలేదన్నది ఫోన్‌లో తేలదు.

(సభలో ఒకావిడ: మా ఇంట్లో ఉన్నది పెద్దవాళ్ళిద్దరు. పదిహేనేళ్ళ నుంచి ఉన్నారు. వాళ్ళకి వచ్చేది పెరగదు. మీ 9 శాతం వాళ్ళకెలా చెప్పను?)

చెప్పకండి. అమ్మా, మీ ప్రశ్నకి నా దగ్గర లెక్క లేదు. నేనైతే ధరల సూచీ దాకా పెంచి ఆపేస్తాను, అదీ వాళ్ళకొచ్చేది ఏమైనా పెరిగిన ఏడాదే. మార్కెట్‌కీ దానికీ మధ్య తేడా ఎంతో మాత్రం నా పుస్తకంలో రాసుకుంటాను, నేనెంత వదులుకుంటున్నానో నాకు తెలియాలి కాబట్టి. తెలియకుండా వదిలితే పక్కింటావిడ మాటకి మళ్ళీ ఓ రాత్రి నిద్ర పోతుంది. తెలిసి వదిలినదాని మీద కోపం రాదు, కనీసం నాకు రాలేదు. అది మోయగలిగే స్తోమత మీకుందా లేదా అన్నది మీ ఇల్లే చెప్పాలి. లేకపోతే వాళ్ళ పిల్లలతో మాట్లాడే దారి ఉందేమో చూడండి. వాళ్ళ ఎదురుగా కాదు, విడిగా.

ఇంకొకరు చెయ్యెత్తారు. ఉత్తరం కాపీయా? తలుపు దగ్గర బల్ల మీద పెట్టించాను, తలా ఒకటి తీసుకోండి. తేదీ దగ్గరా అంకెల దగ్గరా ఖాళీ వదిలాను. "నా అలసత్వం" అన్న మాట మాత్రం అచ్చులోనే ఉంది. ఇష్టం లేనివాళ్ళు కొట్టేసుకోవచ్చు.